ఉత్తనీళ్ళ చుక్క

"మబ్బుల మీద పని చేసినారంట గదా సార్, ఈ ఏడు వానలు ఎట్టుంటాయి?" అని రిటైరయ్యాక నన్ను అడగని మనిషి లేడు. పాలు పోసే ఆయన అడుగుతాడు, పాస్టరు గారు అడుగుతారు. తెలీదు నాయనా అంటే నమ్మరు. ఇన్నేళ్ళు జీతం తీసుకుని ఆ మాత్రం తెలీదా అన్నట్టు చూస్తారు. నిజంగానే తెలీదు. ఉద్యోగం పేరుతో నేను చూసింది మబ్బుల్ని కాదు. చలిపెట్టెలో, గాజుపలక మీద, నీటి చుక్కల్ని చూశాను. అంతే.

ఈ మధ్య పీహెచ్‌డీలో చేరబోతున్న పిల్లలు ఇద్దరు మా ఇంటికి వచ్చి సలహా ఇమ్మన్నారు. నోటితో చెప్పే ఓపిక లేక కాగితం మీద పెడుతున్నాను. ప్రమోషన్ల సంగతి, కమిటీల సంగతి రాయను. చదివితే మీకు నిద్ర వస్తుంది, రాస్తే నాకూ వస్తుంది. రాయాల్సింది ఒక తప్పు గురించి. అది నాది. దానివల్ల ఒక అమ్మాయి డాక్టరేటు చేజారిపోబోయింది.

పని ఏమిటంటే

సున్నా డిగ్రీలకు నీళ్ళు గడ్డకడతాయని బళ్ళో చదువుకున్నాం. చెంబుడు నీళ్ళకు అది సరే. మబ్బులో ఉండే సన్న చుక్క ఆ మాట వినదు. శుభ్రమైన చుక్క మైనస్ పది దాటినా, మైనస్ ఇరవై దాటినా నీళ్ళుగానే ఉంటుంది. గడ్డకట్టాలంటే దాంట్లో ఏదో ఒక నలుసు ఉండాలి. పాలు పెరుగు కావడానికి తోడు ఎట్లాగో, చుక్క మంచు కావడానికి ఆ నలుసు అట్లాగ. దుమ్ము కావచ్చు, పుప్పొడి కావచ్చు, ఆకుల మీద బతికే సూక్ష్మజీవి కావచ్చు. ఏ నలుసు ఏ డిగ్రీ దగ్గర చుక్కను గడ్డకట్టిస్తుందో కనుక్కోవడం మా పని. చాలా మబ్బుల్లో ముందు మంచు పుట్టి, ఆ తర్వాతే వాన పడుతుంది గనక ఈ తిప్పలన్నీ.

గాజుపలక మీద వాసెలిన్ సన్నగా రాసి, పిపెట్ గొట్టంతో యాభై చుక్కలు వరసగా పెట్టాలి. పలకను చలిపెట్టెలో పెట్టి, మూత వేసి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరచాలి. పైన కెమెరా ఉంటుంది. నీటి చుక్క అద్దంలాగా మెరుస్తూ ఉంటుంది, గడ్డకట్టిన క్షణాన తెల్లబడుతుంది. ఏ డిగ్రీకి ఎన్ని తెల్లబడ్డాయో రాసుకోవాలి. కడగాలి. మళ్ళీ పెట్టాలి. అయిదేళ్ళు ఇదే.

మా ల్యాబు సముద్రానికి కూతవేటు దూరంలో ఉండేది. గాలినిండా తేమే. మూత రవ్వంత తేడాగా పడితే పలకంతా మంచుపొర పట్టేది. చుక్కలు మైనస్ పదహారులో ఉండగా కరెంటు పోయిందంటే పొద్దుట నుంచి చేసిందంతా గంగపాలు. పరిశోధన అంటే గొప్ప ఆలోచనలు అనుకుని వస్తారు పిల్లలు. అందులో ముప్పాతిక భాగం గిన్నెలు కడగడం. ఇది వినలేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నాకేం కోపం లేదు.

ఇంటిదొంగ

నా గైడు మహా కోపిష్టి. దుమ్ము కలిపిన చుక్కల లెక్కలు పట్టుకుని ఉత్సాహంగా వెళితే కాగితం వంక చూసేవారు కాదు.

"ఉత్తనీళ్ళు చూపించు" అనేవారు.

ఉత్తనీళ్ళంటే ఏమీ కలపని శుభ్రమైన నీళ్ళు. మా పలక మీద అవి మైనస్ ఇరవై అయిదు దాటేదాకా గడ్డకట్టకూడదు. అంతకు ముందే గడ్డకట్టాయంటే నీ నీళ్ళలోనో, గాజు మీదో, గదిలోనో ఏదో నలుసు పడిందన్నమాట. అప్పుడు దుమ్ము లెక్క కూడా చెల్లదు. చుక్కను గడ్డకట్టించింది నువ్వు కలిపిన దుమ్మో, నీకు తెలీకుండా పడిన నలుసో ఎవరు చెప్పాలి?

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడురా. పట్టుకోవాల్సింది నువ్వే" అనేవారాయన. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

ఆయన దగ్గర నాకు ఇంకో అలవాటు అబ్బింది. కంటితో చూడందే నమ్మకపోవడం. కెమెరా ఉన్నా సరే, ఆయన వచ్చి పలక మీదికి వంగి చుక్కల్ని చూసేవారు. నేను గైడునయ్యాక నేనూ అట్లాగే వంగేవాణ్ణి. ఒకటే తేడా. ఆయన తెల్లకోటు గుండీలన్నీ పెట్టుకోందే ఆ గదిలో అడుగుపెట్టేవారు కాదు, నన్నూ పెట్టనిచ్చేవారు కాదు. నేను పెద్దవాణ్ణయ్యాక నాకు కోటు వేసుకోమని చెప్పే మగాడెవడు?

గంజి

ఇక్కడ నా చొక్కాల గురించి చెప్పాలి. సొంత డప్పు అనుకోకండి, కథకు అవసరం.

మాది బిట్రగుంట రైల్వే కాలనీ. నాయన లోకో షెడ్డులో బొగ్గింజన్లు తుడిచే కలాసీ. మా ఇంట్లో ఏ బట్ట ఉతికినా బొగ్గు మరక ఎక్కడో ఒకచోట ఉండేది. మూడో తరగతిలో ఉండగా ఒక మాస్టరు నన్ను బెంచీ మీద నుంచి లేపి, "ఒరే బొగ్గుబస్తా, నువ్వు ఆ మూల కూర్చో, పక్కవాడి బట్టలు మాసిపోతాయి" అన్నాడు. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. మర్నాడు అన్నం వార్చిన గంజి పారబోయకుండా నా చొక్కా అందులో ముంచింది. ఆ ఆదివారం చర్చికి వేసుకెళ్ళిన చొక్కా అట్టముక్కలాగా నిలబడింది. పెళపెళలాడే ఆ చొక్కాలో నన్ను మూలకు పొమ్మనే ధైర్యం ఎవరికీ ఉండదనిపించింది.

అప్పటినుంచీ గంజి పెట్టని చొక్కా తొడగలేదు. నూలుదే, తెల్లదే. అమ్మ పోయాక నేనే పెట్టుకునేవాణ్ణి. "ఈ కాలంలో ఎవరు పెడతారండీ ఈ గంజి, మెడంతా దద్దుర్లు" అని మా ఆవిడ విసుక్కునేది. నేను వినలేదు.

అంకమ్మ

అంకమ్మది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే పల్లె. ల్యాబులో పిల్లలు 'అంకిత' అని పిలుస్తామన్నారు. "మా అవ్వ పేరు అది. మార్చేదానికి మీరెవరు?" అని ఒక్కమాటతో నోళ్ళు మూయించింది. చేరిన రోజు వాళ్ళమ్మ వెంట వచ్చింది. ఆమె చేపలమ్మేది. మా చలిపెట్టెను అటూ ఇటూ చూసి నన్నడిగింది:

"ఐసు గురించేనా సార్ ఈ సదువు? ఐసు మాకు తెలీందా? చేపల పెట్టెలో ఏసేదే గదా."

"ఇది మబ్బులో ఐసు మా" అంది అంకమ్మ.

"అట్టనా! దానికి అయిదేండ్లు సదవాల్నా తల్లీ?"

నవ్వాను.

థీసిస్‌కు ఏ అంశం ఇవ్వాలా అని నేను ఆలోచిస్తుంటే ఆ అమ్మాయే ప్రశ్నతో వచ్చింది. ఎండాకాలంలో పులికాట్ చాలావరకు ఎండిపోతుంది. సముద్రపు గాలికి ఆ ఉప్పుబురద దుమ్మై లేస్తుంది. "ఆ పక్క చిట్టమూరు ఊరి దాకా కండ్లు తెరవలేం సార్. ఇంత దుమ్ము యాడికి పోతాది? పైకే గదా. మబ్బులో ఏం చేస్తాదో చూద్దాం సార్" అంది. ఇరవై ఏళ్ళలో ఏ విద్యార్థీ నాకు అంత సొంత ప్రశ్న తెచ్చి ఇవ్వలేదు.

మొదటి రెండేళ్ళు దుమ్ము సేకరించడం, పద్ధతి నేర్చుకోవడం. ఉత్తనీళ్ళు మైనస్ ఇరవై ఆరుకు గడ్డకట్టేవి. దివ్యంగా ఉండేవి. అంకమ్మ చేతులు వణికేవి కావు. యాభై చుక్కలూ ఒకే సైజులో, గీత గీసినట్టు పెట్టేది.

ఏడాదిన్నర

మూడో ఏట కెమెరా పాడయింది. కొత్తది వచ్చేదాకా నేనే కంటితో చూస్తానన్నాను. అంతకుముందు అప్పుడప్పుడు వచ్చి, మూత గాజులోంచే చూసేవాణ్ణి. రోజూ పదింటికి వచ్చి, తను చుక్కలు పెడుతుండగానే మూత తీసిన పలక మీదికి వంగి, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ చూసేవాణ్ణి. కొత్త కెమెరా వచ్చాక కూడా మానలేదు. అలవాటయిపోయింది. అసలు ఫలితాలు మొదలయ్యే సమయం అది, నాకూ ఆత్రం ఎక్కువే.

సరిగ్గా అప్పుడే ఉత్తనీళ్ళు చెడిపోయాయి. మైనస్ పదిహేడుకే తెల్లబడడం మొదలెట్టాయి. దుమ్ము కలిపిన చుక్కలేమో మైనస్ పదిహేనుకు. రెండింటికీ తేడా ఏముంది? ఏముందని థీసిస్ రాయాలి?

నీళ్ళు మార్చాం. గాజు మార్చాం. వాసెలిన్ డబ్బా మార్చాం. అంకమ్మ పలకల్ని కడిగి కడిగి చేతులు పొక్కించుకుంది. కొన్నాళ్ళు బాగుండేది, మళ్ళీ చెడేది. ఒకరోజు నీలం రంగు నైలాన్ కోటు ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది.

"మీ సైజే సార్. లోపలికొచ్చేటప్పుడు వేసుకుంటే బాగుంటాది" అంది నేల చూస్తూ.

"నాకెందుకమ్మా ఇది? నేను నీళ్ళు ముట్టుకోను గదా" అని నవ్వేసి బల్ల కింద పడేశాను.

ఏడాదిన్నర గడిచింది. ఫెలోషిప్ గడువు దగ్గరపడుతోంది. ఒక సోమవారం అందరం కూర్చున్న మీటింగులో ఆమె మళ్ళీ మైనస్ పదిహేడు గీత తెర మీద చూపించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాయాలి.

"చుక్కలు పెట్టే చేతులు వేరమ్మా, చేపలు కడిగే చేతులు వేరు" అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. అంకమ్మ తన అరచేతుల వంక ఒకసారి చూసుకుంది. "సరే సార్" అని కూర్చుంది. నేను తర్వాతి అంశానికి వెళ్ళిపోయాను. మూడో తరగతిలో నన్ను లేపి నిలబెట్టిన మాస్టరు ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు. అదే నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

నెల తిరక్కుండానే మానేస్తున్నానని ఉత్తరం ఇచ్చి వెళ్ళిపోయింది. రొయ్యపిల్లల హేచరీలో నీళ్ళ పరీక్ష చేసే ఉద్యోగం దొరికిందట.

బనీను

శుభ్రమైన చేతులతో చేస్తే ఎట్లా వస్తుందో లోకానికి చూపిద్దామని నేనే పిపెట్ పట్టుకున్నాను. మైనస్ పదిహేడు. మర్నాడు మైనస్ పదహారు. మూడు వారాలు చేశాను. ఒక్కరోజూ ఇరవై దాటలేదు.

మా ల్యాబు అటెండరు రమణయ్య అన్నీ చూస్తూనే ఉన్నాడు. ఒకరోజు టీ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళకుండా నిలబడ్డాడు.

"కోప్పడనంటే ఒక మాట చెప్తా సార్."

"చెప్పవయ్యా."

"ఆ బిడ్డ రాసుకున్న పుస్తకం ఒకసారి చూడండి. తేదీల పక్కన చుక్కలు పెట్టుండాది. మీరు గదిలోకి వచ్చిన దినాలు సార్ అవి."

పుస్తకం తెరిచాను. చాలా తేదీల పక్కన పెన్సిలుతో చిన్న గుర్తు, కొన్నింటి పక్కన లేదు. నా డైరీ పక్కన పెట్టి చూశాను. గుర్తు లేని రోజులన్నీ నేను మీటింగులకని ఊళ్ళో లేని రోజులు. ఆ రోజుల్లో ఉత్తనీళ్ళు మైనస్ ఇరవై ఆరు. గుర్తున్న రోజుల్లో మైనస్ పదిహేడు. ఒక్క తేదీ కూడా తప్పలేదు. ఇంటిదొంగను ఆ అమ్మాయి ఎప్పుడో పట్టేసింది.

తలుపు గడియ పెట్టి చొక్కా విప్పాను. దాన్ని పక్కగదిలో తగిలించి, మోచేతుల దాకా కడుక్కుని, బల్ల కింది నుంచి ఆ నీలం కోటు దులిపి తీసి బనీను మీద వేసుకున్నాను. సరిగ్గా నా సైజే. చుక్కలు పెట్టాను. మైనస్ పదిహేడు వచ్చింది, పోయింది. ఒక్కటీ తెల్లబడలేదు. ఇరవై. ఇరవై మూడు. ఇరవై ఆరు దగ్గర టపటపా తెల్లబడ్డాయి. తర్వాత ఆ చొక్కా చెయ్యి ఇంకో పలక మీద ఒక్కసారి దులిపి చుక్కలు పెట్టాను. మైనస్ పదహారు.

గంజిపొడి, నూలుపొడి. నా ఆత్మగౌరవం అని తొడుక్కుని తిరిగిందంతా సన్నటి పొడిగా ఆ అమ్మాయి పలక మీద రాలింది. రమణయ్య తలుపు కొడితే ఆ కోటుతోనే వెళ్ళి గడియ తీశాను.

హేచరీలో

హేచరీకి వెళితే అంకమ్మ రబ్బరు బూట్లతో తొట్ల మధ్య ఉంది. నన్ను చూసి కంగారుగా స్టూలు తెచ్చి వేసింది. తను కూర్చోలేదు.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. క్షమించమని అడగడానికి వెళ్ళినవాణ్ణి, మొదట నోట్లోంచి వచ్చింది నేరం మోపే మాటే. గైడు బుద్ధి ఎక్కడికి పోతుంది?

"కోటు తెచ్చి ఇచ్చినా గదా సార్."

"చొక్కా వల్ల అని నోరు తెరిచి చెప్పొచ్చు గదా."

"ఎట్ట చెప్పేది సార్? పెద్దాయన్ని పట్టుకొని నీ చొక్కా మురికి అని ఎట్ట అనేది? అయినా అడుగుదామనే అనుకున్నా. ఆ సోమవారం మీటింగు అయినాక చెప్దామని పుస్తకం కూడా తెచ్చుకున్నా." తొట్టి వైపు తిరిగింది. "మీరు నా చేతుల్ని అన్నారు. ఆ తర్వాత నేను మీ చొక్కా అంటే మాటకు మాట అప్పజెప్పినట్టు ఉంటాది. సైన్సు మాదిరి ఉండదు సార్."

తప్పయిందమ్మా అన్నాను. రెండోసారి అంటే గానీ ఆమెకు వినబడలేదు. తిరిగి రమ్మన్నాను.

"ఇక్కడ నీళ్ళు బాగలేదని చెప్తే నీళ్ళే మారుస్తారు సార్. నా చేతులు చూడరు" అంది. కోపంగా కూడా అనలేదు. దానికంటే కోప్పడితే బాగుండేది.

రెండు వారాల తర్వాత తనే ఫోన్ చేసింది. వస్తానంది, ఒక్క షరతు మీద. తను చుక్కలు పెట్టేటప్పుడు నేను గదిలోకి రాకూడదు.

"కోటు వేసుకునే వస్తానమ్మా."

"వద్దు సార్. బయటే ఉండండి."

గడువు పెంచమని పైవాళ్ళకు ఉత్తరం రాశాను. కారణం దగ్గర 'సాంకేతిక ఇబ్బందులు' అని రాశాను. నా చొక్కా సంగతి రాయడానికి రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ కాగితం చించేశాను.

పధ్నాలుగు నెలలు గాజుతలుపు బయటే నిలబడ్డాను. గంజి మానేశాను, కోటు వేసుకున్నాను, అయినా ఆమె లోపలికి పిలవలేదు, నేను అడగలేదు. పులికాట్ దుమ్ము కలిపిన చుక్కలు మైనస్ పదిహేనుకు గడ్డకట్టాయి. ఉత్తనీళ్ళు ఇరవై ఆరు దాకా అద్దంలాగే ఉన్నాయి. ఎండిన బురద మబ్బుల్లో ఏం చేయగలదో ఆ అమ్మాయి ప్రశ్నకు ఆ అమ్మాయికే జవాబు దొరికింది. తలుపు బయట నుంచి చూశాను. ఆ రోజు కళ్ళు తుడుచుకున్నానని రాసుకోవడానికి నాకు సిగ్గు లేదు.

వైవా

వైవా రోజు వాళ్ళమ్మ ముందు వరసలో కూర్చుంది. గైడును గనక నేను పరీక్షకుడి పక్కన కూర్చున్నాను. ఆయన బయటి ఊరి నుంచి వచ్చిన పెద్దమనిషి, జాగ్రత్తగా చదివినవాడు. నేను దేనికి భయపడుతున్నానో సరిగ్గా ఆ పేజీ తెరిచాడు.

"అమ్మాయీ, మధ్యలో ఏడాదిన్నర మీ ఉత్తనీళ్ళు చెడిపోయాయి. తర్వాత ఉన్నట్టుండి బాగుపడ్డాయి. ఇదేమిటి? పనిలో అజాగ్రత్తా?"

అంకమ్మ నా వంక చూడలేదు.

"గదిలో నూలుపొడి, గంజిపొడి పడేది సార్. అది యాడ నుంచి వస్తా ఉందో కనుక్కునేదానికి టైం పట్టినాది. కనుక్కున్నాక తీసేసినాం."

"ఎక్కడి నుంచి?"

"బట్టల నుంచి సార్."

"ముందే చూసుకోవాల్సింది గదమ్మా. ఈ పనిలో శుభ్రత మొదటి పాఠం" అన్నాడాయన. తప్పు ఆ అమ్మాయిదే అనుకున్నాడు. ఎవరైనా అట్లాగే అనుకుంటారు.

"అవును సార్" అంది అంకమ్మ.

నేను లేచి నిలబడాల్సింది. ఒక్క నిమిషం పని. పదవి, పెన్షను, ఏదీ పోయేది కాదు. పక్కనున్న పరీక్షకుడు నా నోటి వంక చూస్తున్నట్టే అనిపించింది. ఒళ్ళో పెట్టుకున్న చేతులు చూసుకుంటూ కూర్చుండిపోయాను. డాక్టరేటు ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. వాళ్ళమ్మ నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "మా బిడ్డకు దారి చూపించినారు సార్" అంది. దానికీ తల ఊపాను.

అడిగిన పిల్లలకు సలహా ఇవ్వాలంటే ఈ కథ తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు. ఆ రోజు లేచి చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. ఆ పొడి నా చొక్కాది. అంకమ్మ చేతులు మొదటి రోజు నుంచీ శుభ్రంగానే ఉన్నాయి.